కోకాపేట షెడ్డులో నాలుగు అమెరికా కార్లు

మాదాపూర్ బండరాళ్ల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లని భూగర్భ శాస్త్రం తెలిసినవాళ్లు చెబుతారు. ఆ రాళ్ల మధ్య లేచిన సైబర్ టవర్స్‌కి ముప్పై ఏళ్లు కూడా లేవు. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి దాన్ని ప్రారంభించారు. ఈ రెంటికీ మధ్య వయసున్న వస్తువు ఏదైనా చూపించమంటే హైటెక్ సిటీలో కాస్త వెతుక్కోవాల్సిందే. దుర్గం చెరువుంది. అక్కడక్కడా ఓ దర్గా, ఓ పోచమ్మ గుడి ఉన్నాయి. మిగతావన్నీ ఊరి పేర్లే. రాయదుర్గం, ఖాజాగూడ, నానక్‌రామ్‌గూడ, పుప్పాలగూడ... పేర్లు పాతవి, వాటి కింద ఉన్నదంతా కొత్తది.

అలాంటిచోట డెబ్బై ఏళ్లు దాటిన కార్లు నాలుగు ఒకే షెడ్డులో ఉన్నాయంటే మొదట నేను నమ్మలేదు. చెప్పింది మా ఆఫీసులో ఫెసిలిటీస్ పని చూసే కుర్రాడు. వాళ్లది కోకాపేట. "మా పెదనాయిన కాడ పెద్ద పెద్ద అమెరికా బండ్లున్నయ్ సార్. షెడ్డు కూలగొడతరట. పాత ఇనుపసామాను వాళ్లు వచ్చి తూకం రేటు అడిగిపోయిన్రు" అన్నాడు. పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్లం మేం ముగ్గురం స్నేహితులం. ఆ శనివారమే బయల్దేరాం. కిందటేడు మే నెల, రోహిణి కార్తె ఎండలు. మృగశిర వచ్చేలోగా ఏదో ఒకటి తేల్చాలన్న తొందర ఎండలోనే మొదలైంది.

సైబర్ టవర్స్ నుంచి కోకాపేట దాకా

సైబర్ టవర్స్ దగ్గర మొదలుపెట్టి మైండ్‌స్పేస్, బయోడైవర్సిటీ చౌరస్తా, గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ మీదుగా కోకాపేట చేరడమంటే పాతికేళ్ల చరిత్రని వరసగా చూసినట్టే. మొదట పదంతస్తుల గుండ్రటి భవనం. ఆ తర్వాత అద్దాల గోడలు. ఇంకా ముందుకెళితే 2019లో తెరిచిన అమెజాన్ క్యాంపస్. ఆ పైన యాభై అంతస్తులు దాటిన ఇళ్లు, వాటి నెత్తిన క్రేన్లు. దారి పొడవునా బోర్డుల మీద సగం పేర్లు అమెరికావే. ఇక్కడ అమెరికా అంటే సాఫ్ట్‌వేరు, వీసా, రాత్రి షిఫ్టు. అదే అమెరికా ఒకప్పుడు మన దేశానికి ఇనుము రూపంలో వచ్చిందన్న సంగతి ఆ రోడ్డు మీద ఎవరికీ గుర్తురాదు.

కోకాపేటలో పెద్ద రోడ్డు వదిలి లోపలికి తిరిగాం. రెండు టవర్ల మధ్య ఇంకా అమ్ముడవకుండా మిగిలిన ఎకరంన్నర. దాని చివర రేకుల షెడ్డు. ఒకప్పుడు అది ద్రాక్షతోటట. హైదరాబాద్ చుట్టుపక్కల అనబ్-ఎ-షాహీ ద్రాక్ష విరగకాసిన రోజుల్లో గంపలు పెట్టుకోవడానికి వేసిన షెడ్డు. తోట పోయింది, రాతి కడీలు నాలుగు మిగిలాయి, షెడ్డు మిగిలింది.

తలుపు తీశాక కళ్లు చీకటికి అలవాటు పడటానికి ఓ నిమిషం పట్టింది. ముందు కనిపించింది 1948 షెవర్లే ఫ్లీట్‌మాస్టర్. గుండ్రటి వీపు, ముందు అద్దం రెండు పలకలుగా మధ్యలో విరిచినట్టు ఉంటుంది. దాని వెనక ఒకదాని పక్కన ఒకటి మూడు కార్లు: ప్లిమత్, డాడ్జ్ కింగ్స్‌వే, డెసోటో డిప్లొమాట్. మూడూ 1951, 52 నాటివి. పైన గుడ్డలు కప్పారు. గుడ్డల మీద మళ్లీ పావురాల రెట్ట. డాడ్జ్ వెనక సీట్లో పిల్లి ఈనింది. పిల్లలు మమ్మల్ని చూసి సీటు కిందికి దూరాయి.

షెడ్డు యజమాని ఎనభై దాటిన మనిషి. మేం "అంకుల్" అంటే ఆయన మమ్మల్ని "బిడ్డా" అంటాడు. సికింద్రాబాద్‌లో పెళ్లిళ్లకు కార్లు కిరాయికిచ్చే వ్యాపారం ఉండేదట. 1973లో పెట్రోలు ధరలు మండిపోయాక పెద్ద కార్లున్న ఇళ్లవాళ్లు, రిటైరైన ఆఫీసర్లు వాటిని వదిలించుకుంటుంటే ఈయన ఒక్కొక్కటీ కొన్నాడు. "లీటరుకు ఆరు కిలోమీటర్లు ఇచ్చే బండిని ఎవడు పెట్టుకుంటడు? నాకైతే పెండ్లికి పది కిలోమీటర్లు నడిస్తె సాలు" అన్నాడు. పెళ్లికొడుకులు మారుతి కార్లు అడగడం మొదలెట్టాక వీటిని తోలుకొచ్చి తోటలో పెట్టేశాడు.

బొంబాయిలో జతకట్టిన బండ్లు

ఈ కార్లు ఇక్కడికెలా వచ్చాయో చెబితే గానీ వాటి విలువ అర్థం కాదు. రెండో ప్రపంచయుద్ధంలోకి దిగాక 1942 ఫిబ్రవరిలో అమెరికా మామూలు జనానికి కార్లు చేయడం ఆపేసింది. డెట్రాయిట్ ఫ్యాక్టరీల్లో ట్యాంకులు, విమానాల ఇంజన్లు తయారయ్యాయి. 1945లో యుద్ధం ముగిసేసరికి జనం దగ్గర డబ్బుంది, కొనడానికి కారు లేదు. కంపెనీలు పాత 1942 అచ్చులనే దులిపి, ముందు జాలీ మార్చి అమ్మాయి. మా షెవర్లే అలాంటిదే. పేరుకి 1948, ఒళ్లు మాత్రం యుద్ధానికి ముందుది.

అయితే ఇవేవీ ఓడ దిగి నేరుగా రోడ్డెక్కినవి కావు. జనరల్ మోటార్స్ 1928 నుంచీ బొంబాయి సెవ్రీలో కార్లు బిగించేది. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో పెట్టిన ప్రీమియర్ ఆటోమొబైల్స్, క్రైస్లర్ కంపెనీతో ఒప్పందం చేసుకుని 1947 నుంచి కుర్లాలో డాడ్జ్, ప్లిమత్, డెసోటో బండ్లను జతకట్టింది. అటు ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ స్టూడీబేకర్లు బిగించింది. పెట్టెల్లో భాగాలొచ్చేవి, ఇక్కడి చేతులు బోల్టులు బిగించేవి. విడిభాగాలు కూడా ఇక్కడే తయారుచేసే ఉద్దేశం ఉన్నవాళ్లే ఉండాలని 1953లో టారిఫ్ కమిషన్ తేల్చింది. మరుసటి ఏడాదే జనరల్ మోటార్స్, ఫోర్డ్ రెండూ ఫ్యాక్టరీలు మూసుకుని వెళ్లిపోయాయి. ఆ తర్వాత మన రోడ్ల మీద అంబాసిడర్, ఫియట్‌ల కాలం. అంటే యుద్ధం తర్వాతి అమెరికా సెడాన్లు మన దేశంలో పుట్టింది కొద్దికాలమే.

ఇంకో సంగతి. ప్లిమత్, డాడ్జ్ కింగ్స్‌వే, డెసోటో డిప్లొమాట్ చూడ్డానికి మూడు కార్లు గానీ నిజానికి ఒకటే. క్రైస్లర్ కంపెనీ విదేశాలకు పంపడం కోసం ప్లిమత్ ఒంటికే వేరే జాలీ, వేరే పేరు బిళ్ల తగిలించి డాడ్జ్‌గా, డెసోటోగా అమ్మింది. ఇంజన్, గేర్‌బాక్స్, ఇరుసు ముగ్గురిలో ఒకటే. మూడు పేర్లున్న తోబుట్టువులన్నమాట. పాత కార్లు గుత్తగా కొనేవాడికి ఇంతకన్నా మంచి వార్త ఉండదు. ఒకదానికి లేని పుర్జా ఇంకోదానిలో దొరుకుతుంది. షెవర్లే మాత్రం ఒంటరిది. దాని సామాను దానికే ఉండాలి.

"ఏరుకునుడు లేదు"

మాలో ఒకడికి డాడ్జ్ మీద మనసు పడింది. దానికొక్కదానికీ ఎంత అని అడిగాడు. పెద్దాయన నవ్వలేదు, కోపం తెచ్చుకోలేదు.

"ఏరుకునుడు లేదు బిడ్డా. తీస్కుంటె నాలుగు తీస్కోండ్రి, లేకుంటె చాయ్ తాగి పోండ్రి. మీరు మంచిది తీస్కపోతె మిగిలినయి తూకానికి పోతయ్."

నాలుగింటికీ కలిపి పద్నాలుగు లక్షలన్నాడు. బేరం లేదు. నెలరోజుల్లో స్థలం బిల్డరుకు అప్పజెప్పాలి. ఒక్కోటి టన్నున్నర దరిదాపుల్లో తూగుతుంది కాబట్టి ఇనుపసామాను వాళ్లు రెండుసార్లు ఫోన్ చేశారు.

చాయ్ తాగుతూ నేనో లెక్క వేశాను. ఆ షెడ్డుకు కూతవేటు దూరంలోని నియోపోలిస్ లేఅవుట్‌లో 2023 ఆగస్టులో హెచ్‌ఎండీఏ వేలం వేస్తే ఒక ప్లాటు ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. ఎకరానికి 4,840 గజాలు. అంటే గజం రెండు లక్షల ఎనిమిది వేలు. మా షెవర్లే పొడవు ఐదు మీటర్లు, వెడల్పు రెండు మీటర్లకు కాస్త తక్కువ. అది నిలబడ్డానికి పదకొండు గజాలు కావాలి. ఆ ధరలో ఆ పదకొండు గజాల ఖరీదు దాదాపు 23 లక్షలు. ఒక్క కారు నీడ పడే నేల ధరకు నాలుగు కార్లూ వచ్చేసి, ఇంకా తొమ్మిది లక్షలు చేతిలో మిగులుతాయి! ఆ వేలం ధర అందరి భూమికీ రాదు, నిజమే. కానీ కార్లు ఎందుకు తూకానికి వెళ్తున్నాయో ఆ లెక్క చెప్పేసింది. వాటికి కొనేవాళ్లు లేక కాదు, నిలబడే చోటు లేక. మా ముగ్గురి అపార్ట్‌మెంట్లలో తలా ఒక్క పార్కింగే ఉంది. అది కూడా స్తంభానికీ స్తంభానికీ మధ్య చిన్న కారు పట్టేంత.

ఉస్తాద్ చూపు

డబ్బు సంగతి తేలకముందే నాంపల్లి దగ్గర సందులో గ్యారేజీ నడిపిన ఉస్తాద్‌ని తీసుకొచ్చాం. డెబ్బై ఏళ్ల మనిషి. పదమూడో ఏట పానా పట్టుకున్నాడు. మావాడు ఒకడు ఉత్సాహంగా బ్యాటరీ తెచ్చాడు. ఉస్తాద్ చేయి అడ్డం పెట్టాడు.

"సెల్ఫ్ కొట్టకండి సార్. లోపల ఏం పట్కోని ఉందో తెల్వదు. ఫస్ట్ చేతితోని తిరగాలె. ఇంకోటి, ఈ మూడింటికి ఎర్త్ ఉల్టా."

నిజమే. ఇప్పటి కార్లలో బ్యాటరీ మైనస్ వైరు బాడీకి కలుపుతారు. ఆనాటి క్రైస్లర్ బండ్లలో ప్లస్ వైరు బాడీకి వెళ్తుంది. అదీ 12 వోల్టులు కాదు, 6 వోల్టులు. షెవర్లేది కూడా 6 వోల్టులే గానీ ఎర్త్ మాత్రం మైనస్. ఈ తేడా తెలియని మెకానిక్ చేతిలో పడితే డైనమో పాడవుతుంది. వైర్ల మీద ఉన్నది గుడ్డ తొడుగు. డెబ్బై ఏళ్లకు అది బిస్కెట్‌లా పొడి అయిపోతుంది. కరెంటు ఇచ్చిన మొదటి నిమిషంలోనే నిప్పు అంటుకోవచ్చు.

ఉస్తాద్ ముందు ప్లగ్గులు ఊడదీశాడు. ఈ మూడు కార్లవీ ఫ్లాట్‌హెడ్ ఇంజన్లు. వాల్వులన్నీ కింద బ్లాకులోనే ఉంటాయి, పైన హెడ్ కేవలం మూతలాంటిది. ఒక్కో సిలిండర్లో డీజిలూ ఇంజనాయిలూ కలిపి పోసి, వారం ముట్టుకోవద్దన్నాడు. తర్వాత జేబులోంచి అయస్కాంతం తీసి, దాన్ని పలుచని గుడ్డలో చుట్టి, రేకు మీద అంగుళం అంగుళం జరుపుతూ నడిచాడు. రేకున్నచోట అంటుకుంటుంది, లప్పం పూసినచోట జారిపోతుంది. కింద పడుకుని నేల రేకులు, డోర్ల కింది బద్దీలు స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశాడు. హైదరాబాద్ పొడి ఎండలు ఈ కార్లకు మేలు చేశాయి. ఇవే కార్లు బొంబాయిలోనో మద్రాసులోనో సముద్రపు గాలికి ఇన్నాళ్లు ఉంటే ఎప్పుడో పొట్టు రాలినట్టు రాలిపోయేవి.

చివరికి తీర్పు చెప్పాడు. డెసోటో ఒళ్లు అన్నిటికన్నా గట్టిది. డాడ్జ్ ఫర్వాలేదు. ప్లిమత్ మీద రేకు కారిన చోట వాన పడీ పడీ అడుగు మొత్తం పోయింది, చేయి పెడితే కింద మట్టి తగులుతోంది. షెవర్లే ఒళ్లు బాగానే ఉంది, ఇంజనే పెద్ద పని. దాని కనెక్టింగ్ రాడ్లకు ఇప్పటిలా దొరికే రెడీమేడ్ బేరింగులు ఉండవు. వైట్ మెటల్ కరిగించి పోసి, చల్లారాక లోపల గీకి, సరిపోయేదాకా మళ్లీ మళ్లీ పెట్టి చూడాలి. "ఆ పని తెలిసినోళ్లు సిటీల నాకు తెలిసి ఇద్దరున్నం. ఒకాయనకి కండ్లు కనిపిస్తలేవు" అన్నాడు.

"మూడు చెల్లెండ్లల్ల ఒకటి కోస్తే రెండు నడుస్తయి. ప్లిమత్‌ని కోద్దాం" అని ముగించాడు ఉస్తాద్. చేతిపని మనిషి లెక్క అది. ఒళ్లు పోయినదాన్ని విప్పి, ఒళ్లున్నవాటిని బతికించాలి. మాకూ సబబుగానే తోచింది.

కాగితం

మాలో ఒకడు కాగితాల మనిషి. వాడు అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడకుండా పెద్దాయన ఇచ్చిన రేకు పెట్టె ముందేసుకుని కూర్చున్నాడు. అందులో పాత ఆర్సీ పుస్తకాలు. అవి అట్టలు ఊడిపోయిన చిన్న నోటుబుక్కుల్లా ఉంటాయి. షెవర్లేది ఉంది. డాడ్జ్‌ది ఉంది. ప్లిమత్‌ది ఉంది, ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు రెండూ బండి మీదివాటితో కలిశాయి. డెసోటోది లేదు.

ఒళ్లున్న బండికి కాగితం లేదు, కాగితమున్న బండికి ఒళ్లు లేదు.

పాత కార్లు కొనాలనుకునేవాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి. 2021 జులైలో కేంద్ర రవాణా శాఖ పాత బండ్ల కోసం కొత్త నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్ అసలు రూపం మారకుండా ఉన్న బండిని వింటేజ్ వాహనంగా నమోదు చేయొచ్చు. కొత్తగా నమోదుకు 20 వేలు, అది పదేళ్లు చెల్లుతుంది. తర్వాత పొడిగింపుకు 5 వేలు. కొత్త నంబర్లలో వీఏ అన్న అక్షరాలు ఉంటాయి. ఇదివరకే రిజిస్టరైన బండి తన పాత నంబరునే ఉంచుకోవచ్చు. అయితే ఇలా నమోదైన బండిని రోజూ తిప్పకూడదు, కిరాయికి ఇవ్వకూడదు. ర్యాలీలకు, ప్రదర్శనలకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి మాత్రమే రోడ్డెక్కాలి. కాబట్టి 'పెళ్లిళ్లకిచ్చి ఖర్చు రాబట్టుకుందాం' అన్న ఆలోచన ఈ నంబరుతో కుదరదు. ఒకప్పుడు చాలామంది పెట్రోలు భరించలేక వీటిలో మెటడార్ డీజిల్ ఇంజన్లు దింపేశారు. అవి కూడా ఈ లెక్కలోకి రావు. అన్నిటికన్నా ముందు, బండి పుట్టుపూర్వోత్తరాలు చెప్పే కాగితం కావాలి.

ఆ సాయంత్రం మధ్యవర్తి ఒకాయన ఊడిపడ్డాడు. మా ఇబ్బంది విని తేలిగ్గా తేల్చేశాడు. "ప్లిమత్ ప్లేటు ఊడదీసి డెసోటోకి కొట్టేయండి. నంబరు పంచ్ చేసే కుర్రాడున్నాడు. ఒకే కంపెనీ, ఒకే ఇంజన్, ఎవరు చూడొచ్చారు?"

నిజంగా ఎవరూ చూడరు. అదే అసలు ప్రమాదం. చాసిస్ నంబరు మార్చడం నేరమన్న భయం ఒకటి. దానికి మించి, ఆ పని చేస్తే డెసోటో అబద్ధంగా బతుకుతుంది, ప్లిమత్ నిజంగా చస్తుంది. ఇంకో పాతికేళ్లకు ఎవరో దాన్ని కొని, తమ దగ్గరున్నది ఏ బండో తెలియక తికమక పడతారు. మేం వద్దన్నాం. మధ్యవర్తి మమ్మల్ని పిచ్చివాళ్లని చూసినట్టు చూసి వెళ్లిపోయాడు.

అంతా విన్న పెద్దాయన అప్పుడన్నాడు. "ఇరవై ఏండ్లు ఈ భూమి కోసం ఆఫీసుల సుట్టు తిరిగిన బిడ్డా. కాగితం లేని భూమి ఎట్ల నీది గాదో, కాగితం లేని బండి గూడ నీది గాదు. డెసోటో పుస్తకం నా తోడనే పోగొట్టుకున్న. దాన్ని కోస్తరా, ఉంచుతరా, మీ ఇష్టం. ప్లిమత్‌ను మాత్రం సంపకుండ్రి, దాని పుస్తకమున్నది."

ఈ మాట ఈ కారిడార్‌లో పుట్టిన మనిషే అనగలడు. ఇక్కడ గజం నేల ఎవరిదన్నది నేల చెప్పదు, పుస్తకం చెబుతుంది.

అప్పు ఖాతా

రాత్రంతా వాదించుకున్నాం. ఉస్తాద్ మాట వింటే గట్టి రేకు దక్కుతుంది, రోడ్డెక్కే హక్కు పోతుంది. కాగితం మాట వింటే నిక్షేపంగా ఉన్న బండిని విప్పి, చిల్లుపడ్డ బండికి ప్రాణం పోయాలి. చివరికి ఉస్తాదే మధ్యేమార్గం చెప్పాడు. ప్లిమత్ అడుగు రేకు కొత్తగా మడిచి వేయడం టింకరింగ్ తెలిసినవాడికి కొత్త పనేం కాదు, కాకపోతే నెలలు పడుతుంది. డెసోటోని కోయొద్దు. బోల్టు విప్పి తీయగలిగినవి, మళ్లీ బిగించగలిగినవి మాత్రమే తీసుకుందాం. స్టార్టర్, కార్బురేటర్, రేడియేటర్ వంటివి. రేకు మీద రంపం పెట్టొద్దు.

దానికో పొడవాటి ఖాతా పుస్తకం కొన్నాం, కిరాణా కొట్లో ఉంటుందే అలాంటిది. డెసోటో నుంచి ఏది తీసినా తేదీ వేసి రాస్తాం. 'డైనమో, డాడ్జ్‌కి అప్పు.' 'ఎడమ వెనక దీపం గాజు, ప్లిమత్‌కి అప్పు.' అప్పు తీర్చేది ఎప్పుడన్నది వేరే సంగతి. కోత లేదు, అప్పే ఉంది. ఆ షరతు మీద పద్నాలుగు లక్షలు ముగ్గురం పంచుకుని ఇచ్చాం.

రాత్రి ఒంటిగంటకు

చోటు ఔటర్ రింగ్ రోడ్డు దాటాక దొరికింది. శంకరపల్లి వైపు, మూతపడ్డ కోళ్ల షెడ్డు. గాలి ఆడుతుంది, వాన లోపలికి రాదు, నెల కిరాయి మేం భరించగలం.

తరలింపు రాత్రి పెట్టుకున్నాం. చక్రాలన్నీ నేలకు అతుక్కుపోయి ఉన్నాయి. షెవర్లే టైరు సైజు 6.00-16. ఇప్పటికీ ట్రాక్టర్ ముందు చక్రాలకు వాడే సైజు అది, కాబట్టి ఆ పూటే దొరికింది. క్రైస్లర్ బండ్లకు కావాల్సిన 15 అంగుళాలవి ఎలాగోలా సంపాదించాం. క్రేను కుర్రాడు ప్లిమత్ ఎడమ చక్రం బోల్టు మీద పైపు వేసి బలంగా లాగబోయాడు. ఉస్తాద్ అరిచాడు: "అరె, ఉల్టా చూడీ! ఎడమ దిక్కు ఉల్టా తిప్పాలె!" ఆనాటి క్రైస్లర్ బండ్లలో ఎడమ చక్రాల బోల్టులకు మర ఎదురుగా ఉంటుంది. బండి నడుస్తుంటే వదులు కాకుండా అలా చేశారు. తెలియక బలం చూపిస్తే బోల్టు తల తెగిపోతుంది. కుర్రాడు ఎదురు తిప్పాడు. కీచుమంటూ కదిలింది.

ఫ్లాట్‌బెడ్ లారీ మీద షెవర్లే ముందు వెళ్లింది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దగ్గర సిగ్నల్లో ఆగాం. రాత్రి ఒంటిగంట. ఆఫీసుల్లో అన్ని అంతస్తుల్లోనూ దీపాలు. టీ బండి దగ్గర మెడలో ఐడీ కార్డులతో పిల్లలు. ఒకమ్మాయి ఫోన్ తీసి లారీ చుట్టూ తిరిగి వీడియో తీసుకుంది. "ఏ కంపెనీ అండీ?" అని అడిగింది. షెవర్లే అంటే తెలిసింది. వెనక లారీలోది డెసోటో అంటే తెలియలేదు. తెలియదు మరి. డెసోటో పేరు 1960లోనే ఆగిపోయింది, ప్లిమత్ 2001లో. వాటిని కన్న క్రైస్లర్ మాత్రం చేతులు మారుతూ ఇప్పుడు స్టెల్లాంటిస్ గొడుగు కింద ఉంది. చిత్రమేంటంటే 2020 డిసెంబరులో, అప్పటికి ఫియట్ క్రైస్లర్‌గా ఉన్న ఆ కంపెనీ, 15 కోట్ల డాలర్లతో డిజిటల్ కేంద్రం పెడతామని ప్రకటించింది ఈ హైదరాబాద్‌లోనే. ఇక్కడ ఒంటిగంటంటే వేసవిలో డెట్రాయిట్‌కి మధ్యాహ్నం మూడున్నర. అక్కడి పగటి పని కోసం ఇక్కడ రాత్రి మేలుకున్నవాళ్ల ముందు నుంచి, డెట్రాయిట్ గీసిన బండి మెల్లగా వెళ్లిపోయింది. సిగ్నల్ పడగానే ఎవరి పనికి వాళ్లు వెళ్లారు.

ఇప్పుడు

డాడ్జ్ మొన్న సంక్రాంతి ముందు స్టార్టయింది. సీసాతో పెట్రోలు అందిస్తే మొదట దగ్గి, ఆగి, మళ్లీ అందుకుంది. ఆ ఫ్లాట్‌హెడ్ ఇంజన్ శబ్దం కుట్టుమిషన్ దూరం నుంచి వింటున్నట్టుంటుంది. ఇప్పటి ఇథనాల్ కలిపిన పెట్రోలు పాత రబ్బరుని తినేస్తుంది కాబట్టి పంపులో పొర, గొట్టాలు అన్నీ మార్చాల్సి వచ్చింది. ప్లిమత్‌కి అడుగు రేకు సగం పడింది. షెవర్లే ఇంజన్ విప్పి బల్ల మీద ఉంది. వైట్ మెటల్ పని మొదలుపెట్టాలి. ఉస్తాద్ చేతులు వణుకుతున్నాయి. ఆయన కొడుకులిద్దరూ ఇదే ఐటీ కారిడార్‌లో క్యాబ్‌లు నడుపుతారు, ఈ పని నేర్చుకోలేదు. ఆదివారాలు మా ముగ్గురిలో ఒకడు ఆయన పక్కన కూర్చుని మెటల్ కాగే వేడి, పోసే తీరు నోట్ చేసుకుంటున్నాడు. నోట్సుతో చేయి తిరగదని ఉస్తాద్ రోజూ అంటూనే ఉన్నాడు.

కోకాపేట షెడ్డు జూన్‌లో నేలమట్టమైంది. ఇప్పుడక్కడ నాలుగంతస్తుల లోతు గొయ్యి ఉంది, అడుగున పాత బండరాయి కనిపిస్తోంది.

డెసోటో కోళ్ల షెడ్డు మూలన ఇటుకల మీద నిలబడి ఉంది. ఖాతాలో దాని పేర పందొమ్మిది అప్పులున్నాయి. దాని నంబరు ప్లేటు ఎప్పుడో పోయింది. కానీ పెద్దాయన ఇంట్లో గోడకున్న ఓ పెళ్లి ఫొటోలో, పూలదండల వెనక, ఆ నంబరులో ఆఖరి అంకె తప్ప అన్నీ చదవొచ్చు. ఆ ఫొటో నకలుతో పాత రిజిస్టర్లు వెతకమని దరఖాస్తు పెట్టాం. జవాబు కోసం చూస్తున్నాం. దొరికితే అప్పులన్నీ తిరిగి కట్టాలి. దొరక్కపోతే ఖాతా పెరుగుతూ పోతుంది.

మీ ఊళ్లోనో, మీ తాతగారి దొడ్లోనో గడ్డివాము వెనక ఇలాంటి బండి ఒకటి ఉండొచ్చు. అయస్కాంతం, డీజిలు, ఉస్తాదు అన్నీ తర్వాత. ముందు బీరువా అడుగు అరలో ఆ బండి ఆర్సీ పుస్తకం ఉందేమో చూడండి. పెళ్లి ఫొటోలు కూడా పారేయకండి.